బల్ల మారలేదు

2024 మార్చిలో సింగపూర్ స్మాష్ మొదలైనప్పుడు ఆచంట శరత్ కమల్ ప్రపంచ ర్యాంకు 88. ఆ ర్యాంకు ఉన్నవాళ్లకు అంత పెద్ద టోర్నీలో నేరుగా చోటుండదు. ముందు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడి గెలవాలి, ఆ తర్వాతే అసలు డ్రాలోకి రావాలి. తన వయసులో సగం కూడా లేని కుర్రాళ్ల మధ్య నిలబడి 41 ఏళ్ల శరత్ ఆ మ్యాచ్‌లన్నీ ఆడాడు. లోపలికి వచ్చాక స్లొవేనియా ఆటగాడు డార్కో యోర్గిచ్‌ను ఓడించాడు. అతని ర్యాంకు 13. తర్వాత ఈజిప్టుకు చెందిన 22వ ర్యాంకు ఆటగాడు ఒమర్ అసార్‌నూ ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరాడు. అక్కడ ఎదురుపడ్డవాడు ఫ్రాన్స్ కుర్రాడు ఫెలిక్స్ లెబ్రన్, వయసు 17. శరత్ మెల్‌బోర్న్‌లో కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం గెలిచేనాటికి ఈ ఫెలిక్స్ ఇంకా పుట్టలేదు.

ఆ మ్యాచ్‌లో శరత్ ఓడిపోయాడు. అయితే ఆ వారం సంపాదించిన పాయింట్లే అతని పారిస్ ఒలింపిక్స్ దారిని సుగమం చేశాయి. అది అతనికి అయిదో ఒలింపిక్స్.

అన్నేళ్లు ఎలా ఆడాడని అందరూ అడుగుతారు. వ్యాయామం, తిండి, క్రమశిక్షణ అని జవాబులూ వస్తాయి. అవన్నీ నిజమే. కానీ ఈ ఆటను దగ్గరనుంచి చూసినవాళ్లకు అంతకంటే పెద్ద ఆశ్చర్యం ఒకటుంది. శరత్ అన్నేళ్లూ ఆడింది ఒకే ఆట కాదు. నాలుగేళ్ల పిల్లాడిగా బ్యాట్ పట్టినప్పటి టేబుల్ టెన్నిస్ వేరు, 2025లో చెన్నైలో బ్యాట్ కింద పెట్టినప్పటి టేబుల్ టెన్నిస్ వేరు. ఈ మధ్యలో బంతి మారింది, లెక్క మారింది, సర్వీసు మారింది, బ్యాటుకు పూసే జిగురు మారింది, చివరికి బంతిని చేసే పదార్థమే మారింది. మారనిది బల్ల ఒక్కటే. అదే తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, నేలనుంచి రెండున్నర అడుగుల ఎత్తు, మధ్యలో ఆరంగుళాల వల.

మా ఊరి క్లబ్బులో, చిన్నప్పుడు, పెద్దవాళ్ల ఆట అయిపోయాక మాకు దక్కేవి సొట్టలు పడిన బంతులు. వాటిని గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో వేసేవాళ్లం. లోపలి గాలి వేడెక్కి సొట్ట టప్పున పైకి లేచేది. పగిలిన బంతికి అగ్గిపుల్ల చూపిస్తే భగ్గున మండిపోయేది. దాన్ని సెల్యులాయిడ్‌తో చేస్తారనీ, అందులో కర్పూరం ఉంటుందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కొత్త డబ్బా తెరిస్తే వచ్చే ఆ వాసన గుర్తున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఎంతోమంది ఉంటారు. శరత్ నేర్చుకున్నది ఆ బంతితోనే. 38 మిల్లీమీటర్ల సెల్యులాయిడ్ బంతి, 21 పాయింట్ల గేమ్, ఒక్కొక్కరికి వరసగా అయిదేసి సర్వీసులు.

2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగియగానే బంతిని 40 మిల్లీమీటర్లకు పెంచారు. చెప్పుకోవడానికి రెండు మిల్లీమీటర్లే. బంతి పెద్దదైతే గాలి దాన్ని ఎక్కువ అడ్డుకుంటుంది, వేగం తగ్గుతుంది, తిప్పిన తిరుగుడూ తగ్గుతుంది. ర్యాలీలు సాగాలి, టీవీలో చూసేవాడి కంటికి బంతి ఆనాలి అన్నది ఈ మార్పు ఉద్దేశం. అప్పటికి శరత్‌కు 18 ఏళ్లు. పధ్నాలుగేళ్లపాటు చేతికి అలవాటైన కొలత ఒక్కసారిగా తప్పింది. మరుసటి ఏడాది 21 పోయి 11 వచ్చింది, సర్వీసులు అయిదు పోయి రెండయ్యాయి. 21 పాయింట్ల రోజుల్లో 5-10తో వెనకబడ్డా ఊపిరి పీల్చుకుని, ఎదుటివాడి ఆట చదివి, మెల్లగా పుంజుకునే వ్యవధి ఉండేది. 11లో ఆ వ్యవధి లేదు. రెండు పొరపాట్లు చేసి తల ఎత్తి చూసేసరికి గేమ్ చివరికొచ్చేస్తుంది. 2002లో సర్వీసు నిబంధన వచ్చింది. అంతకుముందు రెండో చేతినో భుజాన్నో అడ్డం పెట్టి, బ్యాట్ బంతిని ఎలా తాకిందో ఎదుటివాడికి కనబడకుండా చేసేవాళ్లు. ఇక అలా దాచకూడదన్నారు.

సరిగ్గా ఈ మూడు మార్పులూ వచ్చిపడిన వెంటనే, 2003లో, శరత్ మొదటిసారి జాతీయ చాంపియన్ అయ్యాడు. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. పాత ఆటలో పండిపోయినవాళ్లు కొత్త లెక్కతో తడబడుతున్నప్పుడు, ఇరవయ్యేళ్ల కుర్రాడు దాన్ని తనదిగా చేసుకున్నాడు.

ఆచంట అన్న ఇంటిపేరు వినగానే గోదావరి జిల్లాల వాళ్లకు పశ్చిమ గోదావరిలోని ఊరు గుర్తొస్తుంది. శరత్‌ది తెలుగు కుటుంబం, పెరిగిందీ ఆడిందీ చెన్నైలో. తండ్రి శ్రీనివాసరావు, బాబాయి మురళీధరరావు ఇద్దరూ ఈ ఆటలో మునిగిన మనుషులే. అతని మొదటి గురువులూ వాళ్లే. ఇంట్లోనే ఇద్దరు కోచ్‌లుంటే ఎంత మేలో, తప్పించుకోవడానికి ఎంత వీలుండదో, అలాంటి ఇంట్లో పెరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లొయోలా కాలేజీలో చదివాడు. తర్వాత ఇండియన్ ఆయిల్‌లో ఉద్యోగం వచ్చింది.

ఆ ఉద్యోగం గురించి కాస్త చెప్పాలి. ఎందుకంటే మన దేశంలో టేబుల్ టెన్నిస్ బతుకుతెరువు చాలావరకు దాని మీదే నిలబడి ఉంది. పెట్రోలియం సంస్థలు, రైల్వేలు, రిజర్వ్ బ్యాంకు లాంటివి ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటాయి, నెల జీతమిచ్చి ఆడుకోనిస్తాయి, జాతీయ పోటీలకు తమ జట్టు తరఫున పంపుతాయి. హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ రిజర్వ్ బ్యాంకు ఉద్యోగి. పిల్లాడికి ఆటలో చెయ్యి తిరుగుతోందని తెలిశాక తల్లిదండ్రులకు మొదట వచ్చే సందేహం 'రేపు తిండి ఎలా?' అన్నదే. దానికి మనవాళ్లు కట్టుకున్న జవాబు ఈ జీతం. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ జీతమే లేకపోతే ఎందరి ఆట పదో తరగతితోనే ఆగిపోయేదో!

ఉద్యోగం పూట గడుపుతుంది గానీ ఆటను పెంచదు. దానికి యూరప్ వెళ్లాలి. అక్కడ ఊరికో క్లబ్బు, ఆ క్లబ్బులకు లీగులు, లీగుల్లో పైదాకా అంతస్తులు ఉంటాయి. శరత్ స్పెయిన్‌లో ఆడాడు, స్వీడన్‌లో ఆడాడు, తర్వాత జర్మనీ వెళ్లి బుందెస్‌లీగాలో ఆడాడు. జర్మనీ దిగ్గజం టిమో బోల్ ఆడిన బొరుస్సియా డ్యూసెల్‌డోర్ఫ్ క్లబ్బుకూ ఆడాడు. విదేశీ లీగు అనగానే మనకు తళుకులు కళ్ల ముందు మెదులుతాయి. నిజానికి అది రైలు ప్రయాణాలూ చలీ వండుకు తినడాలతో గడిచే బతుకు. కానీ అక్కడ దొరికేది ఇక్కడ దొరకదు. చైనా వాడు, కొరియా వాడు, స్వీడన్ వాడు రోజూ ఎదురుగా నిలబడి బంతి కొడతాడు. ఒక్కొక్కడి చేతి తిరుగుడు ఒక్కో రకం. మన దగ్గర ఒకే చాంపియన్ ఉంటే అతనికి దీటుగా సాధన చేయించేవాడెవడు? ఆ రోజుల్లో శరత్ దేశంలో అందరికంటే ఎత్తున ఉన్నాడు, అతని కష్టమూ అదే.

2006 మార్చి, మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడలు. టీమ్ విభాగంలో సింగపూర్‌ను ఓడించి భారత పురుషులు స్వర్ణం గెలిచారు. సింగిల్స్ ఫైనల్లో శరత్‌కు ఎదురు నిలిచినవాడు ఆస్ట్రేలియా ఆటగాడు విలియం హెంజెల్. జనమంతా అతని వైపే. ఏడు గేములదాకా వెళ్లిన ఆ మ్యాచ్ 4-3తో శరత్‌ది అయ్యింది. అప్పటికతనికి 23 ఏళ్లు. ఆరడుగులు దాటిన పొడుగు, పొడవాటి చెయ్యి, బల్లకు కాస్త వెనక్కి జరిగి నడుము తిప్పి కొట్టే ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్. ఆ దెబ్బకు దేశంలో సాటి లేదు. అయితే అంత పెద్ద ఊపు చెయ్యాలంటే సమయం కావాలి. ఆ సమయం ఇవ్వకుండా ప్రత్యర్థులు అతని బ్యాక్‌హ్యాండ్ మూలకే బంతిని తోసేవాళ్లు. ఆ మూలను కాపాడుకోవడమే తర్వాతి పదిహేనేళ్ల పని.

ఆ ఫోర్‌హ్యాండ్‌కు ఇంకో అండ ఉండేది. జిగురు. బ్యాట్ రబ్బరు కింద స్పాంజి పొర ఉంటుంది. మ్యాచ్‌కు ముందు రబ్బరు ఊడదీసి, ఘాటు ద్రావకాలున్న జిగురు పూసి మళ్లీ అంటిస్తే స్పాంజి ఉబ్బుతుంది, బంతి ఉండేలు నుంచి వదిలినట్టు దూసుకుపోతుంది, తగిలినప్పుడు చిటికె వేసినట్టు ఒక చప్పుడు వస్తుంది. ఆటగాళ్ల గదుల్లో ఆ ఘాటు నిండి ఉండేది. ఆరోగ్యానికి చేటని 2008 బీజింగ్ ఒలింపిక్స్ అయిపోగానే దాన్ని నిషేధించారు. ఒక తరం ఆటగాళ్లకు తమ బ్యాటే పరాయిదైనట్టయింది. అదివరకు జిగురిచ్చిన బలాన్ని ఇక కాళ్లనుంచీ నడుమునుంచీ తెచ్చుకోవాలి.

శరత్ తెచ్చుకున్నాడు. 2010లో కైరోలో ఈజిప్ట్ ఓపెన్ ఫైనల్లో హాంకాంగ్ ఆటగాడు లీ చింగ్‌ను ఓడించి, అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య (ఐటీటీఎఫ్) ప్రో టూర్ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు. 2004 ఏథెన్స్‌లో తన మొదటి ఒలింపిక్స్‌లో శరత్‌ను రెండో రౌండ్లో ఇంటికి పంపినవాడు కో లాయ్ చాక్. ఈ లీ చింగ్ అదే కో లాయ్ చాక్ జోడీ, ఇద్దరూ ఆ ఏథెన్స్‌లోనే డబుల్స్ రజతం గెలిచారు. ఆరేళ్లలో శరత్ ఎంత దూరం నడిచాడో ఈ రెండు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అదే ఏడు ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో శుభజిత్ సాహాతో కలిసి డబుల్స్ స్వర్ణం గెలిచాడు.

తర్వాతి ఏళ్లు అంత సులువుగా గడవలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌కు అర్హత దొరకలేదు. 2014లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది. సులువుగా మండే పదార్థం కాబట్టి సెల్యులాయిడ్‌ను తయారు చేయడంలోనూ రవాణాలోనూ చిక్కులుండేవి. ప్లాస్టిక్ బంతి చూడటానికి అలాగే ఉంటుంది, చప్పుడు వేరు. తిరుగుడు ఇంకా తగ్గింది. వెనక్కి జరిగి బలంగా తిప్పి కొట్టేవాడి పదును మొద్దుబారింది, బల్లకు అతుక్కుని రెండు వైపులా చకచకా కొట్టేవాడికి కాలం కలిసొచ్చింది. అంటే శరత్ బలం మీద దెబ్బ, బలహీనత మీద ఇంకో దెబ్బ. 2016 రియోలో మొదటి రౌండ్లోనే ఓడిపోయాడు. అప్పటికి 34 ఏళ్లు. అక్కడితో మానేసినా ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు.

అతను మాత్రం బల్లకు దగ్గరగా వచ్చాడు. మాట తేలిక, పని చాలా కష్టం. ఇరవై ఏళ్లుగా ఒళ్లు అలవాటుపడ్డ చోటునుంచి అడుగు ముందుకేయడమంటే బంతి ఇంకా తొందరగా మీదికొస్తుంది. ఊపు చిన్నది చెయ్యాలి. బ్యాక్‌హ్యాండ్‌ను ఆపడానికే కాక కొట్టడానికీ వాడాలి. ఎదుటివాడి కంటే ముందే వాడి ఆలోచన తెలియాలి. అంత పొడుగు మనిషి బల్ల మీదికి వంగి, నెట్ దగ్గర పడ్డ పొట్టి బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో లేపి కొట్టడం 2018 తర్వాత చూసినవాళ్లకు, మెల్‌బోర్న్ శరత్ గుర్తుంటే, ఇద్దరూ ఒకడేనా అనిపిస్తుంది.

ఆ 2018లోనే కామన్వెల్త్ టీమ్ స్వర్ణం మళ్లీ వచ్చింది. ఆ తర్వాత జకార్తా ఆసియా క్రీడలు. ఆసియాలో ఈ ఆట ఆడటమంటే ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడినట్టే. చైనా, జపాన్, కొరియా, హాంకాంగ్, చైనీస్ తైపీ అందరూ ఇక్కడే ఉన్నారు. 1958నుంచి ఆసియా క్రీడల్లో టేబుల్ టెన్నిస్ ఉంది. అరవై ఏళ్లలో మనకు ఒక్క పతకం లేదు. క్వార్టర్ ఫైనల్లో శరత్, సత్యన్, అమల్‌రాజ్‌ల జట్టు జపాన్‌ను 3-1తో ఓడించి కాంస్యం ఖాయం చేసుకుంది. ఆ కాంస్యాన్ని చూసి కళ్లు చెమర్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కొద్ది రోజులకే మణికా బాత్రాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో ఇంకో కాంస్యం గెలిచాడు. మణిక బ్యాక్‌హ్యాండ్ వైపు పొడుగు బొడిపెల రబ్బరు ఉంటుంది. ఎదుటివాడు ఇచ్చిన తిరుగుడు దానికి తగిలి తలకిందులై తిరిగి వెళుతుంది. వాడు తికమకపడి బంతిని మెత్తగా పైకి లేపితే, వెనక కాచుకున్న శరత్ ఫోర్‌హ్యాండ్ పని పూర్తి చేసేది.

2021లో టోక్యో ఒలింపిక్స్. రెండో రౌండ్లో పోర్చుగల్ ఆటగాడు టియాగో అపోలోనియాను 4-2తో ఓడించాక, మూడో రౌండ్లో ఎదురైనవాడు మా లాంగ్. ఈ ఆటలో పుట్టిన మహామహుల్లో అతనిదే మొదటి పేరని చాలామంది అంటారు, నేనూ అంటాను. మొదటి గేమ్ 11-7తో మా లాంగ్‌ది. రెండోది 11-8తో శరత్‌ది. మూడోది డ్యూస్‌కు వెళ్లింది. ఆ కొద్ది నిమిషాలు మా లాంగ్ ముఖంలో ఎప్పుడూ ఉండే నిశ్చింత లేదు. 13-11తో మా లాంగ్ గట్టెక్కాడు, తర్వాత రెండు గేముల్లో శరత్‌కు నాలుగేసి పాయింట్లే దక్కాయి. మా లాంగ్ ఆ ఒలింపిక్స్ స్వర్ణం గెలిచాడు. 39 ఏళ్ల శరత్ నిలబెట్టిన ఆ మూడు గేములు అతని పతకాలన్నిటి పక్కనా పెట్టదగినవి.

ఇక బర్మింగ్‌హామ్. అక్కడికి వెళ్లేముందు, 2022 ఏప్రిల్‌లో షిల్లాంగ్‌లో సత్యన్‌ను ఓడించి పదో జాతీయ టైటిల్ తీసుకున్నాడు. ఎనిమిది టైటిళ్ల కమలేష్ మెహతా రికార్డును 2019లోనే దాటేశాడు. జులై 12న 40 నిండాయి. ఆ నెలాఖరుకే కామన్వెల్త్ క్రీడలు మొదలయ్యాయి. టీమ్, డబుల్స్, మిక్స్‌డ్, సింగిల్స్ నాలుగింటిలోనూ పేరిచ్చాడు. నాలుగింటిలోనూ ఫైనల్‌కు వెళ్లాడు.

మిక్స్‌డ్‌లో జోడీ శ్రీజ. పదహారేళ్ల తేడా. ఆమె పుట్టిన 1998 నాటికి శరత్ జూనియర్ పోటీలు ఆడే వయసులో ఉన్నాడు. డబుల్స్‌లో జోడీలోని ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు బంతి కొట్టి తీరాలి. కొట్టిన వెంటనే పక్కకు తప్పుకోకపోతే తనవాడికే అడ్డం. మన బడిలో మూడు కాళ్ల పరుగులో ఒకరి కాళ్లు ఒకరికి తగులుతాయే, అలా ఉంటుంది ఆరితేరని జోడీ. వీళ్లిద్దరి మధ్య మాత్రం గాలికి దారి ఇచ్చినట్టు ఒకరు పోతుంటే ఒకరు వచ్చేవాళ్లు. సింగిల్స్‌లో కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌ను శ్రీజ 3-4తో చేజార్చుకుంది. ఏడు గేములాడి పతకం పోగొట్టుకున్న పిల్ల మిక్స్‌డ్ ఫైనల్‌కు మళ్లీ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మలేసియా జోడీ జావెన్ చూంగ్, కరెన్ లైన్‌లను ఇద్దరూ 3-1తో ఓడించారు. శ్రీజకు అది మొదటి కామన్వెల్త్ క్రీడల స్వర్ణం.

సింగిల్స్ ఫైనల్ ఇంగ్లండ్ గడ్డ మీద ఇంగ్లండ్ ఆటగాడు లియమ్ పిచ్‌ఫోర్డ్‌తో. మొదటి గేమ్ 11-13తో పోయింది. తర్వాత నాలుగూ వరసగా 11-7, 11-2, 11-6, 11-8. మెల్‌బోర్న్ సింగిల్స్ స్వర్ణానికీ దీనికీ మధ్య పదహారేళ్లు. అక్కడ పాత జిగురు, సెల్యులాయిడ్. ఇక్కడ ప్లాస్టిక్. మూడు స్వర్ణాలు, ఒక రజతంతో బర్మింగ్‌హామ్ ముగిసింది. కామన్వెల్త్ క్రీడల పతకాలు మొత్తం 13 అయ్యాయి, అందులో 7 స్వర్ణాలు. ముగింపు వేడుకలో నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్‌తో కలిసి జెండా పట్టాడు. ఆ ఏడే ఖేల్ రత్న వచ్చింది. అర్జున, పద్మశ్రీ అంతకుముందే వచ్చాయి.

ఇన్ని చెప్పి ర్యాంకుల యాతన చెప్పకపోతే లెక్క తప్పుతుంది. 2021నుంచి వరల్డ్ టేబుల్ టెన్నిస్ (డబ్ల్యూటీటీ) పేరుతో కొత్త పోటీల వరస మొదలైంది. కింద ఫీడర్, పైన కంటెండర్, స్టార్ కంటెండర్, చాంపియన్స్, అన్నిటికంటే పైన గ్రాండ్ స్మాష్. ఏడాదిలో ఆడినవాటిలో ఉత్తమమైన ఎనిమిది ఫలితాలే లెక్కలోకి వస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆ పాయింట్లు చెల్లిపోతాయి. పోయినేడు గెలిచినవాడు ఈ ఏడు గెలవకపోతే మెట్లు దిగుతూ పోవాల్సిందే. అందుకే పతకాలన్నీ గెలిచిన మనిషి సింగపూర్‌లో క్వాలిఫయింగ్ ఆడాల్సొచ్చింది. ఆ కాలంలోనే మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ ఒలింపిక్స్ టీమ్ పోటీలకు మొదటిసారి అర్హత పొందాయి.

2024 జులై 26 సాయంత్రం, పారిస్ ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో, సెన్ నది మీద వాన కురుస్తోంది. భారత జట్టు పడవలో జెండా పట్టుకున్నవాళ్లు ఇద్దరు, పీవీ సింధు, శరత్ కమల్. ఆ దృశ్యం మన ఇళ్లలో ఎంతమందికి ఎంత దగ్గరగా అనిపించిందో చెప్పలేను. సింగిల్స్‌లో శరత్ స్లొవేనియా ఆటగాడు డెని కోజుల్ చేతిలో 2-4తో మొదటి రౌండ్లోనే వెనుదిరిగాడు. టీమ్ పోటీలో చైనా తగిలింది, ఓడిపోయారు. అదే పారిస్‌లో శ్రీజ తన 26వ పుట్టినరోజునాడు సింగిల్స్ ప్రి క్వార్టర్స్‌కు చేరింది.

2025 మార్చిలో శరత్ చెప్పేశాడు, నెలాఖరున చెన్నైలో జరిగే స్టార్ కంటెండరే చివరిదని. మొదటి అంతర్జాతీయ టోర్నీ చెన్నైలోనే ఆడానని, చివరిదీ ఇక్కడే ఆడతానని అన్నాడు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. ప్రి క్వార్టర్స్‌లో బల్లకు అవతల నిలబడ్డవాడు హైదరాబాద్ కుర్రాడు సూరావజ్జుల స్నేహిత్. 38 మిల్లీమీటర్ల బంతితో గానీ 21 పాయింట్ల లెక్కతో గానీ పోటీ ఆడని తరం. వెనక్కి జరగడం తెలియదు, బల్లకు అతుక్కుని రెండు వైపులా చకచకా కొడతారు. ఆ కుర్రాడు కొట్టాడు. 11-9, 11-8, 11-9.

శరత్ నేర్చుకున్న తొలి ఆటలో అయితే 11-9 అంటే గేమ్ సగం దాటిందని అర్థం.